కీర్తిశేషుడి గ్లాసులు

భిలాయి ఊళ్లో మరోదా సెక్టర్లో ఆ ఇంటికి నన్ను పిలిచింది సలహా కోసం. వాళ్ల పాపకి రక్త కేన్సరు, మా అన్నయ్యకి వచ్చిన జాతిదే. ఊళ్లో తెలుగువాళ్లలో ఎవరింట్లో ఈ జబ్బు వచ్చినా, పెళ్లివారికి బ్యాండు మేళం నంబరు ఇచ్చినట్టు, ఎవరో ఒకరు నా నంబరు ఇస్తారు. నేను వెళ్తాను, కుర్చీలో కూర్చుంటాను, నోరంతా పుండ్లు పడినప్పుడు మజ్జిగ ఎలా పట్టాలో, ఏడుపు మొహాల చుట్టాల్ని గుమ్మంలోనే ఎలా ఆపాలో చెబుతాను. మావాడు బతకలేదన్న సంగతి అడిగితే తప్ప చెప్పను. ఎవరూ అడగరు. ఇంత నవ్వుతూ మాట్లాడుతోందంటే వాళ్లవాడు బాగయ్యే ఉంటాడని వాళ్లే అనుకుంటారు. అనుకోనిస్తాను. అబద్ధం వాళ్లది, మర్యాద నాది.

పాపకి తొమ్మిదో పదో ఏళ్లుంటాయి. గుండు మీద జుట్టు అప్పుడే మొలుస్తోంది, కాళ్లు తుడుచుకునే కొత్త పట్టాలా ఉంది. నా ఎదురుగా కూర్చుని, ఈ ఆంటీ కూడా ఏడుస్తుందా లేదా అని పరీక్షగా చూస్తోంది. వాళ్లమ్మ లోపల్నించి మంచినీళ్లు తెచ్చింది. స్టీలు గ్లాసు. సగం తాగాక బొటనవేలికి గరుగ్గా తగిలితే తిప్పి చూశాను. కీ.శే. సన్యాసిరావు జ్ఞాపకార్థం అని ఉంది. సన్యాసిరావు మా అన్నయ్య. ఇలాంటప్పుడు గ్లాసు చేజారి పడాలి, నీళ్లు పొలమారాలి. నాకు రెండూ జరగలేదు. బయట ఎండ మండుతోంది, మిగతా సగం కూడా తాగాను. ఇంకో గ్లాసు తెమ్మంటారా అని ఆవిడ హిందీలో అడిగింది. ఆవిడ, ఆవిడ భర్త భిలాయిలోనే పుట్టి పెరిగారు. తెలుగు మాట్లాడతారుగానీ చదవలేరు. గ్లాసు మీద చెక్కిన అక్షరాలు వాళ్ల లెక్కన ఏదో ముగ్గు. మామగారి కాలం నాటి గ్లాసనీ, చిన్నగా చేతికి సరిపోతుందని పాప మందుబిళ్లలు దీంతోనే మింగుతుందనీ చెప్పింది. నేను బాగుంది అన్నాను. ఇంకేమనాలో తెలియనప్పుడు నేను వాడే మాట అది.

ఆ గ్లాసు చెక్కించిన రోజుకి మా అన్నయ్య బతికే ఉన్నాడు.

మేముండేది సెక్టర్ సెవెన్ క్వార్టర్లో. నాన్న స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ప్లాంటులో చేరినవాళ్లలో ఆయనొకడు. డ్యూటీ దిగి వస్తే ఆయనకంటే ముందు తారు వాసన వచ్చేది, ఎర్ర సబ్బుతో ఎంత రుద్దినా సబ్బు తారు వాసన కొట్టేదిగానీ ఆయన సబ్బు వాసన కొట్టేవాడు కాదు. దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కాలన్నీ సాయంత్రానికి ప్లాంటు దుమ్ముతో లేత గులాబీ రంగుకి వచ్చేవి. అమ్మ వారానికోసారి ఎండు నెత్తళ్లు వేయించేది. ఆ వాసనకి పక్కింటి మిశ్రాగారి కిటికీలు ఠకఠకా మూసుకునేవి. అమ్మ ఆ శబ్దం విని, వాళ్లింట్లో గాలి ఆడక ఎవరైనా చచ్చిపోతారేమోనని నిజంగానే దిగులుపడేది. గ్యాసు వచ్చినా బొగ్గుల సిగిడీ మానలేదు. దాని బూడిదతో సాయంత్రాలు పెరటి గట్టు మీద కూర్చుని గిన్నెలు తోమేది. తోమి, ఒక్కోదాన్నీ తిప్పి పేరు చూసుకుని బోర్లించేది.

పేరు చూసుకోవడం అన్నది మా కాలనీలో చట్టం. ఎవరింట్లో పెళ్లైనా, పేరంటమైనా, దినమైనా గిన్నెలూ గ్లాసులూ చుట్టుపక్కల అన్ని క్వార్టర్ల నుంచీ అరువొచ్చేవి. అంతా అయ్యాక ఆడవాళ్లు వాకిట్లో గోనెపట్టా పరిచి, కడిగిన సామానంతా కుప్పపోసి, మీద పేరు చదివి ఎవరివి వాళ్లకి పంపేవారు. పేరున్న గ్లాసు ఆ పేరు గల ఇంటికి చేరి తీరాలి. పేరు లేనిది ఎవరికి దొరికితే వాళ్లది. అందుకే స్టీలు సామాను కొంటే అక్కడికక్కడే పేరు చెక్కించేవారు. మనుషులు పోయినప్పుడు కూడా, పదకొండో రోజున భోజనానికొచ్చిన వాళ్లకి పోయినవాళ్ల పేరు చెక్కించిన గ్లాసో పళ్లెమో పంచిపెట్టడం మావాళ్ల ఆనవాయితీ. అలా మా వంటింట్లో కాలనీలో చచ్చినవాళ్లందరూ వరసగా ఉండేవారు. కాఫీ ఒక తాతగారిలో, మజ్జిగ ఇంకో మామ్మగారిలో.

ఈ సరుకంతా మావయ్య కొట్టు నుంచే వచ్చేది. అమ్మకి అన్న. పవర్ హౌస్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. ఏ పాత్ర కనబడినా వేలి కణుపుతో ఒక్క దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని, దాని గుణం చెప్పేవాడు. ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు పళ్లేన్ని కొట్టి చూసేవాడు, తరవాతే తినేవాడు. దుకాణం మెట్టు మీద రాంఖిలావన్ అనే ఆయన చెక్కుడు మెషీను పెట్టుకుని కూర్చునేవాడు. పన్ను తోడుతున్నట్టు గుయ్యిమని శబ్దం. ఆయనకి తెలుగు రాదు. మావయ్య సుద్దముక్కతో రాసిస్తే ఆ గీత మీదే పోయేవాడు. పెళ్లికూతుళ్ల పేర్లూ చచ్చినవాళ్ల పేర్లూ ఒకే మొహంతో చెక్కేవాడు.

అన్నయ్యకి జబ్బు చేసేనాటికి వాడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు, నేను పదకొండో క్లాసు. మొదట పళ్లు తోముకుంటే రక్తం వచ్చింది. వేపపుల్ల గట్టిగా నమిలుంటాడన్నాం. తరవాత కాళ్ల మీద నీలం మచ్చలు లేచాయి. ఫుట్‌బాల్ అన్నాం. జ్వరం తగ్గకపోయేసరికి ఇంక వంక దొరకలేదు. తుంటి ఎముకలోకి సూది దింపి లోపల్నించి ఏదో లాగి చూశారు. నాన్న ఆ కబురు షిఫ్టు మారిందని చెప్పినంత మామూలుగా ఇంట్లో చెప్పి, బనీను విప్పి దండెం మీద వేసి, మళ్లీ దాన్నే తీసి తొడుక్కున్నాడు. అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"రక్తంలో కేన్సరైతే రక్తం మొత్తం మార్చీస్తే పోద్ది కదేటి?"

"గేరు ఆయిలు కాదే అమ్మా" అన్నాడు అన్నయ్య.

వైద్యం నాగపూర్లో. నాన్నకి సెలవులు అయిపోతే అమ్మ, అమ్మకి నడుము పట్టేస్తే నేను. సెలవుల్లో అయితే పూర్తిగా నేనే. నాగపూర్ స్టేషన్లో దిగిన ప్రతిసారీ కమలాపండ్ల వాసన వచ్చేది, ఆసుపత్రి గేటు దాటగానే ఫినాయిలు. ఇప్పటికీ ఎవరైనా కమలా ఒలిస్తే నా ముక్కు ఫినాయిలు కోసం ఎదురు చూస్తుంది. వార్డులో వాడూ నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. ఏడ్చినవాళ్లు బయటికి నడవాలి. నాకు కాళ్లున్నాయి, వాడికి సెలైను ఉంది, కాబట్టి ఆ షరతు నిజానికి నా ఒక్కదానికే. గులాబీ షర్బత్తు రంగు మందు ఒకటి బొట్లు బొట్లుగా ఎక్కించేవారు. మర్నాడు వాడికి మూత్రం కూడా అదే రంగులో వచ్చేది. షర్బత్ తయార్ అని కేకేసేవాడు. వెన్నులో సూది వేసే రోజున రొయ్యలా ముడుచుకుని పడుకోబెట్టి, కదలకుండా మెడా మోకాళ్లూ నన్ను పట్టుకోమనేవారు. రొయ్యల ఇగురు, రొయ్యల వేపుడు, రొయ్యల పులుసు అని నేను చెవిలో వంటకాలు చదువుతుంటే వాడు పళ్లు బిగించి, ఉప్పు తక్కువైంది, కారం వెయ్యి అనేవాడు. జుట్టు మొత్తం దిండు మీద ఊడొచ్చిన రోజున అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. వాడు అద్దం అడిగి తెప్పించుకుని, తాతయ్య పేరు సన్యాసిరావని పెట్టారుగానీ ఇన్నాళ్లకి పేరుకి తగ్గ వేషం కుదిరిందన్నాడు.

పక్క మంచం మీద గోందియా నుంచి వచ్చిన లెక్కల మాస్టారుండేవారు. జబ్బు ఒకటే. మావాడికి పాలిటెక్నిక్ లెక్కలు చెప్పేవారు, తప్పు చేస్తే మంచం మీంచే మొట్టికాయ వేసేవారు. ఒక పొద్దున్న నేను టీ పట్టుకుని వచ్చేసరికి ఆయన మంచం మీద పరుపు చుట్టేసి ఉంది, ఆయా ఇనప పట్టీలకి ఫినాయిలు పూస్తోంది. అన్నయ్య అటే చూస్తున్నాడు. నేను ఏదో అనబోతే వాడే ముందు మాట్లాడాడు.

"మాస్టారి దిండు మెత్తన. ఎవరూ పట్టుకుపోకముందే తే."

తెచ్చిచ్చాను. దాని మీద తల పెట్టుకుని గోడవైపు తిరిగాడు. మధ్యాహ్నం దాకా ఇటు తిరగలేదు. ఒప్పందం ప్రకారం నేను బయటికి నడిచాను.

మొదటి విడత మందులు పూర్తవుతున్నప్పుడు జ్వరం పట్టుకుంది. ఒంట్లో చెడ్డ కణాలతోపాటు మంచివి కూడా చచ్చిపోయి, ఏ పురుగు వచ్చినా ఆపే దిక్కులేని రోజులవి. వాడికి స్పృహ పోయింది. డాక్టరు నాన్నని పక్కకి పిలిచి, రావాల్సినవాళ్లుంటే పిలిపించుకోండి అన్నాడు. మా ఇంట్లో ఫోను లేదు, కబుర్లన్నీ మావయ్య కొట్టుకే. నాన్న ఫోను చేసి, డాక్టరు అన్న ముక్క అన్నట్టే చెప్పాడు. ఆ కబురుతో అత్త పూజగదిలో కూర్చుంది, పక్క ఊరు జాముల్‌లో ఉండే మా పిన్ని రైలెక్కింది. మావయ్య షాపు మెట్టు మీదికి వెళ్లి రాంఖిలావన్‌తో మాట్లాడాడు.

జ్వరం దిగింది. ఎందుకు దిగిందో డాక్టరుకీ తెలీదు, ఆ ఆశ్చర్యాన్ని దాచుకునే మర్యాద కూడా ఆయనకి లేదు. వాడు కళ్లు తెరిచి మొట్టమొదట నెత్తళ్ల వేపుడు అడిగాడు. మంచం చుట్టూ ఏడవడానికి సిద్ధమై వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడి, తిరుగు రైళ్ల టైములు చూసుకున్నారు. రక్తంలో జబ్బు కనబడటం లేదని, ఇంక ఇంటి దగ్గరుండి రెండేళ్ల పైన బిళ్లలు మింగుతూ, మధ్య మధ్య నాగపూర్ వచ్చి సూదులు వేయించుకుంటే గండం గడుస్తుందని చెప్పి పంపారు.

ఇంటికొచ్చిన వారంలోనే వాడు పొద్దు పోక కేరమ్ బోర్డు కోసం మంచం కింద వెతికాడు. బోర్డు వెనక గోనెసంచీ ఒకటుంది, పురికొసతో కుట్టేసి. అది మావయ్య సరుకని, కొట్లో జాగా లేక ఇక్కడ పెట్టాడని అమ్మ వంటింట్లోంచే చెప్పింది. ఆమెకి తెలిసింది అంతే. వాడు కుట్టు తెంపి, పేపరు విప్పి, ఒక గ్లాసు తీశాడు. చదివాడు. ఇంకోటి తీసి చదివాడు. అన్నింటి మీదా ఒకటే ఉందో లేదోనని వరసగా నేల మీద పేర్చి చదువుకుంటూ వెళ్లాడు. నన్ను పిలిచి, వీడెవడో తెలుసా నీకు అని చూపించాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి, పెదాలు కదుపుతూ చదివి, అక్కడే కూలబడి పెద్దగా ఏడుపు అందుకుంది.

"ఎందుకే అంత ఏడుపు?" అన్నాడు వాడు. "కీర్తిశేషుడని రాసుంది. నాకు కీర్తి ఇంకా రాలేదు. శేషం మాత్రం ఉన్నాను. ఇందులో కాసిని నీళ్లు పొయ్యి."

సాయంత్రం మావయ్య కొట్టు కట్టేసి, అలవాటుగా అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అన్నయ్య ఆ గ్లాసుని మావయ్య చూస్తుండగా వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రేకు గేజి పల్చన, మావయ్యా."

మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో అరటిపళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నీ కూతురు పెళ్లికి దళసరి గేజి పంచావు. నా సావుకొచ్చీసరికి ఈ డొల్ల సరుకేటి? నన్నడిగుంటే సెప్పీవోణ్ణి కదా."

"అలగ సూడకురా" అన్నాడు మావయ్య. "పెళ్లిళ్ల సీజను. రాంఖిలావన్ మర్నాడు ఊరెళ్లిపోతానన్నాడు. ఆడెళ్లిపోతే ఇక్కడ మన అక్షరాలు సెక్కీవోడు ఇంకెవుడున్నాడు? గ్లాసులు ఎప్పుడైనా దొరుకుతాయి. సెక్కీవోడు దొరకడు."

"మరి నేను పోకుండా ఆగిపోతే?"

"ఆగిపోతావని ఎవుడనుకున్నాడ్రా" అని, ఆ మాట ఏమిటో తన చెవినే పడ్డాక, మావయ్య అరటిపళ్లు గుండెకి పట్టుకుని ఏడ్చాడు. అది చూడ్డం నాకదే మొదలు. ఆయనకి అలవాటు లేని పని, మధ్యమధ్యలో ఆగి, సరిగ్గానే ఏడుస్తున్నానా అని చూసుకుంటున్నట్టుంది. ఇంతసేపూ నాన్న ఒక గ్లాసుని వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"స్టెయిన్‌లెస్. మన ప్లాంటుది కాదు" అన్నాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడింది అదే.

ఆ గ్లాసుల్ని ఏం చెయ్యాలన్నది మా ఇంట్లో కొన్నాళ్లపాటు కేన్సరు కంటే పెద్ద సమస్యైంది. ఇంట్లో ఉంచితే అరిష్టం. పారేస్తే ఎవడో ఏరుకుని తాగుతాడు, ఇంకా అరిష్టం. పేరు అరగదీయించేస్తానని మావయ్య ముందుకొస్తే అమ్మ ఒప్పుకోలేదు, బతికున్న కొడుకు పేరు మెషీను పెట్టి చెరిపేస్తారా అంది. కరిగించమంటే, ఇంత పెద్ద స్టీలు ప్లాంటున్న ఊళ్లో పాతిక గ్లాసులు కరిగించే దారి ఎవరికీ తెలీలేదు. ఈ చర్చ నడుస్తుండగా అన్నయ్య ఒక గ్లాసు తనది చేసేసుకున్నాడు. పొద్దున్నా సాయంత్రం బిళ్లలు అందులో నీళ్లతోనే. మిగతావి వచ్చిపోయే చుట్టాలకి కేటాయించాడు.

పరామర్శకి వచ్చేవాళ్లు రకరకాలు. మా జాముల్ పిన్ని గేటు దగ్గరే గొంతు సవరించుకుని, వాకిట్లోకి వచ్చేసరికి ఏడుపు పూర్తి స్థాయికి తెచ్చేది. ఎదురుగా మనిషి కూర్చుని జంతికలు నములుతున్నా ఆపేది కాదు. ఈ రక్తం ఇంటిల్లిపాదికీ ఉంటుందేమో, రేపు దీన్నెవరు చేసుకుంటారని నన్ను చూపించి మరీ ఏడ్చేది. కొందరు మా ఇంట్లో కాఫీ తాగేవాళ్లు కాదు, అంటుకుంటుందని. అన్నయ్య పిన్నికి స్వహస్తాలతో మంచినీళ్లు అందించాడు. వారపత్రికల్లో సీరియల్ ఒక్కటి వదలకుండా చదివే మనిషి, తాగుతూనే చదివేసింది.

"ఇదేట్రా ఇది?"

"అడ్వాన్సు బుకింగు పిన్నీ" అన్నాడు వాడు వినయంగా. "నీది నీకు ఇప్పుడే ఇచ్చీమంటావా?"

పిన్ని మళ్లీ చాలాకాలం రాలేదు. కబురు పాకింది. తెలుగు చదవడం వచ్చినవాళ్లు మా ఇంట్లో దాహం లేదనడం మొదలెట్టారు. రానివాళ్లు హాయిగా రెండో గ్లాసు అడిగి తాగేవారు. అన్నయ్య వాళ్లని చూసి, చదువు లేకపోవడం ఎంత సుఖమో అనేవాడు. క్రూరమే. కానీ మంచం మీదున్నవాణ్ణి చూడ్డానికొచ్చి వాడి ఎదురుగానే వాడి దినం రోజు వంటల గురించి గుసగుసలాడటం కంటే ఎక్కువ క్రూరం కాదని నేనూ వాడూ తీర్మానించుకున్నాం.

రెండేళ్లు దాటాయి. జుట్టొచ్చింది, ముందుకంటే ఒత్తుగా, రింగులు తిరిగి. వాడు పాలిటెక్నిక్ పూర్తి చేసి ప్లాంటులో అప్రెంటిసుగా చేరాడు. నాగపూర్ డాక్టరు బిళ్లలు ఇంక చాలన్నాడు. అమ్మ ఎప్పటి మొక్కో తీర్చడానికి సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. చుట్టాలు, కాలనీవాళ్లు, నాన్న షిఫ్టులో వాడికి రక్తం ఇచ్చినవాళ్లు, అందరూ వచ్చారు. ప్రసాదం అయ్యాక తాంబూలాలివ్వాలి. తాంబూలంతోపాటు ఏదైనా పెడదామని అమ్మ అంటుంటే వాడు లోపలికి వెళ్లి గోనెసంచీ ఈడ్చుకొచ్చాడు. అమ్మ వద్దురా, వద్దురా అంటూనే ఉంది. వాడు వాకిట్లో నిలబడి ఆకు, వక్క, అరటిపండు గ్లాసులో పెట్టి, ఒక్కొక్కరికీ నవ్వుతూ చేతికిచ్చాడు. తాంబూలం కాదనకూడదు. వ్రతం ఇంట్లో చేతికిచ్చింది వద్దంటే దోషం. జాముల్ పిన్ని చేతులు వెనక్కి పెట్టుకుందిగానీ ఎంతసేపని పెట్టుకుంటుంది. మావయ్య తన వంతు వచ్చేసరికి తల దించుకుని పుచ్చుకున్నాడు.

"పుచ్చుకోండి" అంటున్నాడు అన్నయ్య అందరితోనూ. "మళ్లీ దీనికోసం రావక్కర్లేదు."

ఆ రోజు రక్తం ఇచ్చినవాళ్లలో మరోదా ఆయనొకడున్నాడు. తనకి చదవడం రాని ఆ అక్షరాలకేసి చూసి, బాగుంది భయ్యా, డిజైను బాగుంది అన్నాడు.

ఏడాది తిరగలేదు. ఒక పొద్దున్న డ్యూటీకి బయల్దేరబోతూ వాడు నిలబడి టీ తాగుతున్నాడు, తన గ్లాసులోనే. టీ చొక్కా మీద పడింది. తుడుచుకుని మళ్లీ తాగితే మళ్లీ పడింది. గ్లాసు పైకెత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి, అడుగున చిల్లుందేమోనని చూశాడు. చూడవే, మావయ్య గేజి అరిగిపోయింది అని నా చేతికిచ్చాడు. నేను వాడి మొహం చూశాను. నోరు ఒకవైపుకి జారిపోయింది, ఆ వైపు కన్ను మూతపడటం లేదు. గ్లాసుకి చిల్లు లేదు.

జబ్బు రక్తంలోంచి మెదడు చుట్టూ ఉండే నీళ్లలోకి వెళ్లి, బిళ్లలు అందనిచోట ఇన్నాళ్లూ దాక్కుందని నాగపూర్లో చెప్పారు. మళ్లీ రొయ్య, మళ్లీ షర్బత్తు. ఈసారి వంటకాలు చదివితే వాడు కారం వెయ్యమనలేదు. తలకి రేడియేషన్ కరెంటు పెట్టారు. ఆ రింగుల జుట్టు కూడా పోయింది. మందులకి జబ్బు లొంగడం మానేశాక, డాక్టరు ఈసారి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదకే మాకు అర్థమైంది. ఇంటికి తీసుకొచ్చేశాం.

ఆఖరి రోజుల్లో వాడు ఎక్కువగా నిద్రలోనే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది, ఆ చప్పుడికి కళ్లు తెరిచాడు. మాట సగం నోటితోనే వస్తోంది.

"గ్లాసులేమైనా మిగిలాయేటే?"

"లేవు. నీదొక్కటే ఉన్నాది."

"మావయ్యకి సెప్పకు. మళ్లీ సెక్కిస్తాడు."

తరవాత ఏదైనా జోకు చెప్పమన్నాడు.

"నువ్వు పోతే నీ సైకిలు నాదే" అన్నాను.

"బ్రేకుల్లేవు" అన్నాడు.

వాడు పోయింది పొద్దున్న, ఫస్టు షిఫ్టు హూటరు కూసిన కాసేపటికి. నాన్న అలవాటుగా హూటరు వినబడగానే లేచి బూట్లు వేసుకున్నాడు. వేసుకున్నాక గుర్తొచ్చి మళ్లీ విప్పాడు. జాముల్ పిన్ని వచ్చింది. గేటు దగ్గర గొంతు సవరించుకోలేదు. నిశ్శబ్దంగా లోపలికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. ఇన్నాళ్ల సాధన ఇప్పుడు ఎందుకు పనికిరాకుండా పోయిందని.

పదకొండో రోజు ముందు మావయ్య వచ్చి నాన్న ఎదురుగా నిలబడ్డాడు. చేతులు ఖాళీ. ఏటైనా తెమ్మంటావా బావా అని అడిగాడు. నాన్న "అందరికీ ముట్టాయి కదా" అన్నాడు. అంతే. మావయ్య వెళ్లిపోయాడు.

భోజనాలకి మామూలుగానే చుట్టుపక్కల క్వార్టర్ల నుంచి సామాను అరువొచ్చింది. బకెట్లు, గరిటెలు, తట్టల నిండా గ్లాసులు. ఎవరికి వాళ్లు వంటింట్లో చేతికందినవి పంపారు, ఎవరూ చూసుకోలేదు. విస్తళ్లు వేసి, పక్కన గ్లాసులు పెట్టుకుంటూ వెళ్తుంటే నేను చూశాను. వరసలో ఒక విస్తరి విడిచి ఒక విస్తరి పక్కన వాడి పేరే. మావయ్య ఏ పని కోసం చెక్కించాడో చివరికి ఆ పనే చేశాయవి, అరువు మీద వచ్చి. అందరూ చదివారు, అందరూ తాగారు. వడ్డించేవాళ్లు నీళ్లు పోశారు. ఆ నీళ్లు తాగడం ఎవరూ మానలేదు. మిశ్రాగారు కూడా వచ్చి కూర్చుని, కూర ఏమిటో అడగకుండా తిన్నారు.

సాయంత్రం వాకిట్లో గోనెపట్టా పరిచి ఆడవాళ్లు సామాను పంచడానికి కూర్చున్నారు. పేరు చదవడం, ఆ ఇంటి తట్టలో వెయ్యడం. రావుగారివి రావుగారికి, పట్నాయక్ గారివి వాళ్లకి. సన్యాసిరావు పేరున్న గ్లాసులొచ్చేసరికి చేతులు ఒక్కక్షణం ఆగేవి. చట్టం చట్టమే, పేరున్న గ్లాసు ఆ పేరు గల ఇంటిదే. ఒకటొకటిగా అన్నీ మా గుమ్మం పక్కన పేర్చారు. వాడు ఇంటింటికీ పంచేసిన గ్లాసుల్లో చాలావరకు మళ్లీ మా ఇంటికే వచ్చేశాయి. అందరూ వెళ్లిపోయాక అమ్మ వాటికేసి చూస్తూ కూర్చుంది. తరవాత లేచి, కొంగు బిగించి, ఒక సంచీలో వేసుకుని, చీకటి పడకముందే బయల్దేరింది. మైల ఇంటి మనిషి గడప తొక్కకూడదని తెలుసు, అందుకని గేటు బయటే నిలబడి ఒక్కొక్కరినీ పిలిచింది. ఎవరివి ఎన్నో ఆమెకి గుర్తే. నేను వెనకాల నడిచాను.

"ఇవి మీవే" అంటోంది ప్రతి గేటు దగ్గరా. "మావాడిచ్చినవి. మళ్లీ ఇస్తన్నాను, ఉంచుకోండి."

ఇప్పుడు మరోదాలో పాప మందుల పెట్టె తెరిచి నాకు చూపిస్తోంది. నేను బిళ్లల రంగు చూసి గుర్తుపట్టాను. అవే మందులు, పేర్లతో సహా. వాళ్లమ్మ ఆశగా, ఇప్పుడు వైద్యం చాలా మారింది కదండీ, పిల్లల్లో చాలామందికి పూర్తిగా నయమవుతోందిట అంది. నిజమే, మారింది. మందులు మారలేదు. వాటిని ఏది ఎంత, ఏది ముందు, మెదడులోకి ఎప్పుడు పంపాలి అన్నది మారింది. వంట ఇంకా సరిగ్గా రాని రోజుల్లో మావాడు భోజనానికి కూర్చున్నాడు. ఈ పిల్ల కాస్త ఆలస్యంగా వచ్చి కూర్చుంది, అంతే తేడా. ఆ తేడాకి ఎవరి మీద కోపగించుకోవాలో ఇన్నేళ్లయినా నాకు తెలీలేదు. ఆవిడతో మాత్రం అవునండీ, చాలా మారింది అన్నాను. మామగారు బతికుంటే మీరు ఆయనతో మాట్లాడేవారు, ఆయన అప్పట్లో ఎవరికో రక్తం కూడా ఇచ్చారట అని ఆవిడ అంది. నేను గ్లాసు కింద పెట్టాను.

అన్నయ్య వాడిన గ్లాసు నా దగ్గరే ఉంది. రోజూ తోమి తోమి దాని మీద పేరు అరిగిపోయింది, ఇప్పుడు చదవడానికి రాదు. ఇది మాత్రం మామగారు జాగ్రత్తగా దాచుకున్న సరుకు, పాప జబ్బు పడ్డాకే వాడకంలోకి దిగింది. అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. కాలనీ చట్టం ప్రకారం అది నాతో రావాలి. అడిగితే ఇచ్చేవారే.

పాప ఆ గ్లాసులోనే నీళ్లు పోసుకుని, బిళ్ల నాలిక మీద పెట్టుకుని, ఒక్క గుక్కలో మింగింది. పనితనం ఉన్న మనిషి. తరవాత గ్లాసు తిప్పి, దీని మీద ఏం రాసుంది ఆంటీ, నీకు చదవడం వచ్చు కదా అని హిందీలో అడిగింది. నేను గ్లాసు పుచ్చుకుని, అక్షరాల మీద వేలు పెట్టి, సీరియస్‌గా మొదటి నుంచి చివరిదాకా చదివినట్టు నటించి, మందు మింగినవాళ్లు గ్లాసు తామే తోమి పెట్టవలెను అని రాసుందన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసింది.

"ఝూఠ్" అంది.

అబద్ధమని తేల్చేసి, గ్లాసు తీసుకుని, పంపు దగ్గరికెళ్లి పీచుతో తోమడం మొదలుపెట్టింది. గట్టిగా తోము అన్నాను.